శుక్రవారం స్కోరులో కనపడని కోచ్

నవంబరు రెండో వారం వచ్చేసరికి ఉత్తర డల్లాస్ శివార్లలో చాలా హైస్కూళ్ళకు అమెరికన్ ఫుట్‌బాల్ సీజన్ ముగుస్తుంది, ఆ వెంటనే కోచ్‌ల మీద తీర్పులు మొదలవుతాయి. ఈసారి మా పిల్లలు చదివే స్కూలు వంతు వచ్చింది. జట్టు ప్లేఆఫ్స్‌కు చేరకపోవడంతో హెడ్ కోచ్‌ను మార్చాలంటూ కొందరు తల్లిదండ్రులు స్కూల్ బోర్డుకు లేఖ రాసి సంతకాలు సేకరిస్తున్నారు. అది నా దగ్గరికీ వచ్చింది. అందులో గత సీజన్ల గెలుపోటముల పట్టిక ఉంది, పక్క ఊళ్ళ స్కూళ్ళతో పోలిక ఉంది, కోచ్ జీతం ఉంది. ఆయన పిల్లలకు ఏమి నేర్పాడో, ఏమి నేర్పలేకపోయాడో చెప్పే వాక్యం మాత్రం ఒక్కటీ లేదు. నేను సంతకం పెట్టలేదు. ఎందుకు పెట్టలేదో, నా కారణాల్లో నన్ను ఇంకా ఇబ్బంది పెడుతున్నవి ఏవో వివరంగా రాయాలనిపించింది.

లేఖ తెచ్చిన మిత్రుడు గుంటూరు వైపు వాడు, మా పక్క వీధిలోనే ఉంటాడు. వాళ్ళ అబ్బాయి ఈ ఏడు వార్సిటీలో, అంటే శుక్రవారాలు ఆడే స్కూలు ప్రధాన జట్టులో, పాస్ అందుకునే రిసీవర్‌గా ఆడాడు. "అన్నా, ఆస్తిపన్నులో పెద్ద వాటా స్కూళ్ళకే కడుతున్నాం. స్టేడియానికి బాండ్ అప్పు కావాలంటే ఓటేశాం. హెడ్ కోచ్‌కి లక్ష డాలర్లు దాటి ఇస్తున్నారు. ఇన్ని ఇచ్చాక ఫలితం అడగడం తప్పా?" అన్నాడు. తప్పు కాదనే చెప్పాను. పబ్లిక్ స్కూలు ఉద్యోగి పనితీరును ప్రశ్నించే హక్కు పన్ను కట్టే ప్రతివాడికీ ఉంది, పిల్లవాణ్ణి ఆ ఉద్యోగి చేతిలో పెట్టిన తండ్రికి ఇంకా ఎక్కువ ఉంది. అయితే పది ఆటల్లో ఎన్ని గెలిచారన్న లెక్కలో ఆ ఉద్యోగి పనితనం ఎంత, మిగిలినవాటి పాలు ఎంత అన్నది తేల్చకుండా తీర్పు చెప్పడం న్యాయం కాదన్నదే నా వాదం.

మన తెలుగు కుటుంబాలు ఈ చర్చలోకి కొంత ఆలస్యంగా వచ్చాయి. మన పిల్లలు మార్చింగ్ బ్యాండ్‌లోనో డిబేట్‌లోనో టెన్నిస్‌లోనో ఎక్కువగా కనిపిస్తారు, ఫుట్‌బాల్ జట్టులో తక్కువ. మా అబ్బాయి ముందు వరుసలో ఎదుటివాళ్ళను నెట్టే లైన్‌మన్‌గా చేరినప్పుడు బంధువులందరూ అడిగిన మొదటి ప్రశ్న దెబ్బల గురించి, రెండోది చదువు గురించి. కోచ్ ఎలాంటివాడని ఎవరూ అడగలేదు. మొదటి రెండు ప్రశ్నలకూ జవాబు చాలావరకు కోచ్ మీదే ఆధారపడి ఉంటుందని ఆ తరువాతి ఏళ్ళలో నాకు అర్థమయింది.

పట్టిక దేన్ని కొలుస్తోంది?

లేఖలో అందరికన్నా ఎక్కువసార్లు కనిపించిన పేరు డల్లాస్ ఉత్తర శివారులోని ఆలెన్ హైస్కూలు. అది సహజమే. 2008 నుంచి 2017 మధ్య ఆ స్కూలు ఐదు రాష్ట్ర టైటిళ్ళు గెలిచింది. 2012లో దాదాపు 6 కోట్ల డాలర్లతో 18,000 సీట్ల స్టేడియం కట్టుకుంది. ఈ రెండు విషయాలనూ పక్కపక్కన పెట్టి, డబ్బు పెడితే గెలుపు వస్తుందని, డబ్బు పెట్టినా గెలుపు రాలేదంటే కోచ్‌దే లోపమని వాదించేవారు చాలామంది ఉన్నారు. అయితే ఆ స్టేడియం కాంక్రీటులో పగుళ్ళు బయటపడి 2014 సీజన్‌కు మూతపడింది. సొంత మైదానం లేని ఆ ఏడాది కూడా ఆలెన్ రాష్ట్ర టైటిల్ గెలిచింది. వరుసగా మూడో టైటిల్ అది. ఆ మూడు టైటిళ్ళ కాలంలో అక్కడ బంతి విసురుతూ దాడిని నడిపిన క్వార్టర్‌బ్యాక్ కైలర్ మర్రే, అతను ఆట మొదటి నుంచీ దిగే స్టార్టర్‌గా ఆడిన 42 ఆటల్లో జట్టు ఒక్కటీ ఓడలేదు. ఆ టైటిళ్ళు గెలిపించిన టామ్ వెస్టర్‌బర్గ్ వెళ్ళిపోయాక, 2017లో టెర్రీ గ్యాంబిల్ అనే మరో కోచ్ అదే స్కూలుతో మళ్ళీ టైటిల్ గెలిచాడు. ఇద్దరు కోచ్‌లూ సమర్థులే కావచ్చు, నేను కాదనడం లేదు. కానీ మనిషి మారినా ఫలితం మారలేదంటే, ఆ ఫలితంలో మనిషితో సంబంధం లేని పాలు కూడా గట్టిగానే ఉందని ఒప్పుకోవాలి.

ఆ పాలు ఏమిటో తెలుసుకోవడానికి ఫ్రిస్కో వైపు చూస్తే చాలు. ఆలెన్ ఊరంతటికీ ఒకే హైస్కూలు నడుపుతుంది, అందులో పిల్లలు ఐదు వేలకు అటూ ఇటూగా ఉంటారు. ఫ్రిస్కో స్కూల్ డిస్ట్రిక్ట్, అంటే అక్కడి పబ్లిక్ స్కూళ్ళను నడిపే సంస్థ, తెలిసి తెలిసి ఎదురు దారి ఎంచుకుంది. స్కూళ్ళను చిన్నవిగా ఉంచితే జట్టులోనూ బ్యాండ్‌లోనూ నాటకంలోనూ ఎక్కువమంది పిల్లలకు చోటు దొరుకుతుందన్న ఉద్దేశంతో, ఊరు పెరిగే కొద్దీ కొత్త హైస్కూళ్ళు తెరుస్తూ 2022కల్లా పన్నెండుకు చేరింది. ఆలెన్‌లో శుక్రవారం రాత్రి ఒక్క క్వార్టర్‌బ్యాక్ మైదానంలోకి దిగితే, ఫ్రిస్కోలో అదే వారం పన్నెండు మంది దిగుతారు. పిల్లల అవకాశాల దృష్టితో చూస్తే ఇది చాలా మంచి విధానమని నేను నమ్ముతాను. కానీ ఆ పన్నెండు మందినీ వాళ్ళ లైన్‌మన్లనూ ఒకే జట్టుగా కూర్చితే ఎలా ఉండేదో ఊహించుకుంటే, ఫ్రిస్కోలోని ఏ కోచ్‌నైనా ఆలెన్ పట్టికతో పోల్చడం ఎంత అన్యాయమో తెలుస్తుంది.

విద్యార్థుల సంఖ్యను బట్టి స్కూళ్ళను తరగతులుగా విభజించే పని టెక్సస్ స్కూళ్ళ పోటీలను నడిపే యూఐఎల్ రెండేళ్ళకొకసారి చేస్తుంది కాబట్టి ఈ తేడా కొంత సర్దుబాటవుతుందని అంటారు. కొంత అవుతుంది, పూర్తిగా కాదు. ఒకదానితో ఒకటి ఆడే స్కూళ్ళ గుంపును కూడా ఆటల్లో డిస్ట్రిక్ట్ అనే అంటారు, ప్లేఆఫ్స్‌కు అలాంటి ప్రతి డిస్ట్రిక్ట్ నుంచీ నాలుగు జట్లు వెళ్తాయి. ఎనిమిది జట్లున్న బలహీనమైన డిస్ట్రిక్ట్‌లో పడిన స్కూలు సగం ఆటలు ఓడి కూడా ప్లేఆఫ్స్ బ్యానర్ కట్టుకుంటుంది. బలమైన డిస్ట్రిక్ట్‌లో పడితే అంతకన్నా మంచి జట్టు ఇంట్లో కూర్చుంటుంది. ఊళ్ళో కొత్త హైస్కూలు తెరిచిన ఏడు పాత స్కూలు సరిహద్దులు మారి, తొమ్మిదో తరగతి నుంచి కలిసి ఆడిన పిల్లలు రెండు జట్లుగా విడిపోతారు. మా స్కూలుకు జరిగింది ఇదే. లేఖలోని పట్టికలో ఆ ఏడాది వరుస మిగిలిన వరుసల మాదిరిగానే ఉంది, దాని పక్కన ఏ వివరణా లేదు.

ఇంటర్, జేఈఈ ఫలితాలు వచ్చిన మర్నాడు పత్రికల మొదటి పేజీ నిండా ర్యాంకుల ప్రకటనలు చూస్తూ పెరిగినవాళ్ళం మనం. పదో తరగతిలోనే బాగా చదివే పిల్లలను ఏరి, ఫీజు తగ్గించి చేర్చుకొని, వేరే సెక్షన్‌లో కూర్చోబెట్టి, వాళ్ళకు వచ్చిన ర్యాంకును తమ బోధన ఘనతగా అచ్చు వేయించుకోవడం మనకు తెలియని విద్య కాదు. ఆ ప్రకటనలో ఫొటో పడని పిల్లలకు పాఠం ఎవరు చెప్పారు, ఎలా చెప్పారు అన్నదే ఆ కాలేజీ నాణ్యతను తేల్చే ప్రశ్న అని కూడా మనకు తెలుసు. టెక్సస్ ఫుట్‌బాల్‌లో ఏరుకోవడం అంత బాహాటంగా సాగదు. ఆట కోసం స్కూలు మారడాన్ని యూఐఎల్ నియమాలు ఒప్పుకోవు, మారిన ప్రతి ఆటగాడి విషయంలోనూ పాత స్కూలు అభిప్రాయం రాతపూర్వకంగా తీసుకుంటారు. కానీ ఇల్లు మారితే స్కూలు మారుతుంది, ఇల్లు మారడానికి ఏ తండ్రికీ అడ్డు లేదు. వేసవిలో అద్దె ఇంట్లోకి వచ్చిన ఒక క్వార్టర్‌బ్యాక్ ఆగస్టుకల్లా స్టార్టర్ కావడం, రెండేళ్ళుగా ఆ చోటు కోసం ఎదురుచూసిన కుర్రాడు రిసీవర్‌గా మారడం ఈ చుట్టుపక్కల వింత కాదు. ఆ సీజన్‌లో గెలుపులు పెరుగుతాయి. కోచింగ్ మెరుగైందని దానికి అర్థం కాదు.

ఇక అదృష్టం సంగతి. 2018 డిసెంబరులో, పెద్ద స్కూళ్ళ తరగతి అయిన 6ఏలో మొదటి డివిజన్ ఫైనల్లో డంకన్‌విల్ హైస్కూలు చివరి క్షణం దాకా ఆధిక్యంలో ఉంది. ఎదుటి జట్టు నార్త్ షోర్ క్వార్టర్‌బ్యాక్ గాలిలోకి విసిరిన ఆఖరి పాస్ ఎండ్ జోన్‌లో వాళ్ళ రిసీవర్ చేతికి చిక్కింది, 41-36తో టైటిల్ చేయి జారింది. డంకన్‌విల్ కోచ్ రెజినాల్డ్ శాంపుల్స్ 2019లోనూ 2021లోనూ అదే జట్టు చేతిలో ఫైనల్ ఓడి, 2022లో వాళ్ళనే 28-21తో ఓడించి గెలిచాడు, 2023లో మళ్ళీ గెలిచాడు. 2021 డిసెంబరులో శాంపుల్స్ పెద్ద ఆట గెలవలేని కోచ్, ఏడాది తిరిగేసరికి గొప్ప కోచ్. ఈ మధ్యలో ఆయన పనితనంలో అంత మార్పు వచ్చిందంటే నేను నమ్మను.

కోచ్ లెక్కలోకి రాడా?

ఇక్కడిదాకా చదివినవారు, జనాభా, సరిహద్దులు, అదృష్టం అన్నీ చెప్పి కోచ్‌ను లెక్కలోంచి తప్పిస్తున్నావా అని అడగవచ్చు. నా వాదానికి ఎదురయ్యే బలమైన ప్రశ్న ఇదే, దీన్ని తేలిగ్గా దాటలేను. గోర్డన్ వుడ్ కథ నన్ను ఆపుతుంది. బ్రౌన్‌వుడ్ అనే ఓ మాదిరి ఊళ్ళో 1960 నుంచి 1985 దాకా కోచ్‌గా ఉండి ఆయన ఏడు రాష్ట్ర టైటిళ్ళు గెలిచాడు. అంతకుముందు స్టాంఫర్డ్‌లో గెలిచిన రెండింటితో కలిపి తొమ్మిది. ఆ ఊరికి ప్రత్యేకమైన జనాభా లేదు, పెద్ద స్టేడియాలు కట్టే కాలమూ కాదది. ఏడు టైటిళ్ళను సరిహద్దులకూ అదృష్టానికీ ఆపాదించడం ఎవరి తరమూ కాదు. కోచ్ తేడా తెస్తాడు, కొందరు చాలా పెద్ద తేడా తెస్తారు.

మరి ఆ తేడా ఎలా వస్తుందో చూడాలంటే టాడ్ డాడ్జ్ ఉదాహరణ నాకు ఎక్కువ ఉపయోగపడింది. సౌత్‌లేక్ కారొల్ హైస్కూల్లో 2002 నుంచి 2006 దాకా ఐదు సీజన్లలో ఆయన జట్టు 79 ఆటలు గెలిచి ఒక్కటే ఓడింది. ఆ ఒక్కటీ 2003 ఫైనల్లో కేటీ హైస్కూలు చేతిలో, ఒకే ఒక్క పాయింటు తేడాతో. నాలుగు టైటిళ్ళు వచ్చాయి. ఆ పేరుతో యూనివర్సిటీ ఆఫ్ నార్త్ టెక్సస్ ఆయన్ను పిలుచుకుంది. అక్కడ ఆరు ఆటలు గెలిచి, 37 ఓడి, 2010 సీజన్ మధ్యలోనే ఉద్యోగం పోగొట్టుకున్నాడు. తరువాత ఆస్టిన్‌లోని వెస్ట్‌లేక్ హైస్కూలుకు వచ్చి 2019, 2020, 2021 సీజన్లలో వరుసగా మూడు టైటిళ్ళు గెలిచాడు. వాటిలో నడిమిది కొడుకు రైలీ డాడ్జ్ కోచ్‌గా ఉన్న సౌత్‌లేక్ కారొల్ మీద గెలిచినది.

పట్టికనే నమ్మితే ఈయన్ను ఏమనాలి? 2006లో మేధావి, 2010లో అసమర్థుడు, 2021లో మళ్ళీ మేధావి. నాకు తోచిన వివరణ వేరు. టెక్సస్‌లో హైస్కూలు హెడ్ కోచ్ చేతిలో వార్సిటీ ఒక్కటే ఉండదు. ఆ హైస్కూలుకు పిల్లలను పంపే మిడిల్ స్కూళ్ళలో ఏడో తరగతి పిల్లవాడు నేర్చుకునే అడుగులూ సైగలూ ఆటల పేర్లూ ఆయన నిర్ణయించినవే. ఆ పిల్లవాడు పన్నెండో తరగతికి వచ్చేసరికి అదే ఆటను ఆరేళ్ళుగా ఆడి ఉంటాడు. డాడ్జ్ లాంటివారు ఆరితేరింది ఈ దీర్ఘకాలపు బోధనలో. యూనివర్సిటీలో అంత వ్యవధి ఉండదు, అక్కడ ఆటగాళ్ళను ఆకర్షించి తెచ్చుకోవడం ఇంకో రకం పని. వుడ్ విషయంలోనూ పక్కన పెట్టలేని సంగతి ఒకటుంది. ఆయన పాతికేళ్ళు ఒకే ఊళ్ళో ఉన్నాడు, మోరిస్ సౌథాల్ అనే అసిస్టెంట్ దశాబ్దాల పాటు ఆయన వెంటే ఉన్నాడు. మంచి కోచింగ్ అనేది ఏళ్ళ మీద, చిన్న పిల్లల నుంచి మొదలై, అసిస్టెంట్ల చేతుల మీదుగా జరిగే బోధన. అందువల్ల దాన్ని చూడాలంటే శుక్రవారం రాత్రి ఒక్కటే చూసి లాభం లేదు.

గురువారం సాయంత్రాలు

తొమ్మిదో తరగతి పిల్లల ఫ్రెష్‌మన్ జట్లు, వార్సిటీకి కింది మెట్టయిన జేవీ జట్లు మా వైపు గురువారాలు ఆడతాయి. బ్యాండ్ ఉండదు, చీర్‌లీడర్లు ఉంటే ఉంటారు, లేకపోతే లేదు. గ్యాలరీలో తల్లిదండ్రులూ ఇంకా హోంవర్క్ పూర్తికాని చెల్లెళ్ళూ తమ్ముళ్ళూ తప్ప ఎవరూ కనపడరు. నాణ్యత గురించి వాదించేవారిలో ఎక్కువమంది ఈ ఆటలకు రారు. మా అబ్బాయి ఫ్రెష్‌మన్ బీ జట్టులో ఆడిన ఏడాది నేను వెళ్ళేవాణ్ణి, ఇప్పటికీ వీలైనప్పుడు వెళ్తుంటాను.

అక్కడ చూసిన ఒక దృశ్యం చెప్పాలి. మా పిల్లలు ఐదు టచ్‌డౌన్ల తేడాతో ఓడిపోతున్నారు. నాలుగో క్వార్టర్, సెప్టెంబరు ఎండ ఇంకా దిగలేదు. లైన్ కోచ్, పగటిపూట అదే స్కూల్లో జాగ్రఫీ చెప్పే మాస్టారు, పక్కకు వచ్చిన ఒక లావుపాటి కుర్రాడి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. స్నాప్ పడగానే, అంటే బంతి కదిలి ఆట మొదలవగానే, వాడు మొదటి అడుగు మరీ పెద్దదిగా వేస్తున్నాడు, దాంతో నడుము లేచిపోయి ఎదుటివాడు సులువుగా తోసేస్తున్నాడు. మాస్టారు వాడి బూటు ముందు గడ్డి మీద తన అరచేతిని అడ్డంగా పెట్టి, అడుగు ఇది దాటకూడదని చెప్పి, అక్కడే మూడుసార్లు వేయించాడు. తరువాత వాడి రెండు చేతులూ పట్టుకుని బొటనవేళ్ళు పైకి వచ్చేలా తిప్పాడు, మోచేతులు పక్కటెముకలకు ఆనించాడు. స్కోరు బోర్డు వైపు ఆయన ఒక్కసారీ చూడలేదు. తరువాత మళ్ళీ బంతి మావాళ్ళకు వచ్చినప్పుడు ఆ కుర్రాడు ఒకసారి ఎదుటివాణ్ణి రెండు గజాలు వెనక్కి నెట్టాడు. జట్టు ఓడిపోయింది. ఆ పిల్లవాడు మాత్రం ఆ రోజు ఒక పని నేర్చుకొని ఇంటికి వెళ్ళాడు.

నా దృష్టిలో కోచింగ్ అంటే ఇది. ఇది ఆ మాస్టారు మంచితనం వల్ల మాత్రమే జరగదు. ఓడిపోతున్న బీ జట్టు ఆటలో నాలుగో క్వార్టర్ కూడా నేర్పే సమయమేనని హెడ్ కోచ్ అసిస్టెంట్లకు చెప్పి ఉండాలి, చేయనివాణ్ణి అడిగి ఉండాలి. కొన్ని స్కూళ్ళలో అదే సమయంలో అసిస్టెంట్లు చేతులు కట్టుకుని నిలబడి, మర్నాటి వార్సిటీ ఆట గురించి మాట్లాడుకోవడం కూడా నేను చూశాను. ఆ స్కూళ్ళలో ఒకటి మా లేఖలో ఆదర్శంగా ఉదహరించిన జాబితాలో ఉంది.

ఇంకొకటి. నిరుడు ఒక జేవీ ఆటలో మా వాళ్ళ లైన్‌బ్యాకర్ తలకు గట్టి దెబ్బ తగిలింది. వాడు లేచి నడిచాడు, బాగానే ఉన్నానన్నాడు. అథ్లెటిక్ ట్రైనర్ వాడితో కాసేపు మాట్లాడి, హెల్మెట్ తీసుకుని తన చంకలో పెట్టుకుంది. హెల్మెట్ లేకపోతే పిల్లవాడు ఉత్సాహం పట్టలేక మళ్ళీ లోపలికి దూరడు. ఆట దగ్గరగా ఉంది, వాడు జట్టులో మంచి ఆటగాడు. కోచ్ ఆమె వైపు ఒకసారి చూశాడు, చంకలో హెల్మెట్ చూశాడు, ఇంకేమీ అడగకుండా ఇంకో పిల్లవాణ్ణి పిలిచి పంపించాడు. 2011 నాటి టెక్సస్ చట్టం ప్రకారం కన్‌కషన్, అంటే తలదెబ్బకు మెదడు అదిరిందన్న అనుమానం ఉన్న పిల్లవాణ్ణి అదే రోజు మళ్ళీ ఆడించకూడదు. కాబట్టి ఆయన చట్టాన్ని పాటించాడు, అంతేనని కొట్టిపారేయవచ్చు. కానీ చట్టం ఉన్నచోట కూడా ట్రైనర్ మీద ఒత్తిడి తెచ్చే కోచ్‌లు ఉంటారు, నోటితో ఏమీ అనకుండానే. ఆ ఒత్తిడి లేకపోవడం ఏ పట్టికలోనూ కనపడదు. మా చుట్టాలు అడిగిన మొదటి ప్రశ్నకు నా దగ్గరున్న జవాబు ఆ హెల్మెటే.

రెండో ప్రశ్నకు, అంటే చదువుకు, జవాబు కొంతవరకు చట్టమే ఇస్తుంది. ఏ సబ్జెక్టులోనైనా 70 కన్నా తక్కువ వస్తే ఆడనివ్వకూడదన్న నియమం 1984 సంస్కరణల నుంచీ ఉంది. టెక్సస్‌లో కోచ్‌లు స్కూల్ డిస్ట్రిక్ట్‌లో పూర్తికాలపు ఉద్యోగులై ఉండాలన్నది యూఐఎల్ నియమం, అందువల్ల అసిస్టెంట్లలో చాలామంది ఉపాధ్యాయులే. పిల్లవాడి మార్కులు జారుతున్న సంగతి వాళ్ళకు మనకన్నా ముందే తెలుస్తుంది. తెలిసినప్పుడు వాళ్ళు ఏమి చేస్తారన్నది స్కూలును బట్టి మారుతుంది.

గెలిచే కోచ్ విషయంలోనూ ఈ ప్రశ్నలు వేయాల్సిందే. 2013లో అలీడో జట్టు ఫోర్ట్‌వర్త్ వెస్టర్న్ హిల్స్‌ను 91-0తో ఓడించినప్పుడు, ఓడిన జట్టు పిల్లవాడి తండ్రి ఒకాయన అలీడో కోచ్ మీద వేధింపు ఫిర్యాదు చేశాడు. దేశమంతా దాని గురించి మాట్లాడుకుంది. విచారణలో ఆ ఫిర్యాదు నిలవలేదు. అలీడో కోచ్ టిమ్ బుకానన్ స్టార్టర్లను ముందే బయటికి తీసేశాడు, ఆట త్వరగా ముగిసేలా గడియారాన్ని ఆపకుండా నడిపించడానికి ఒప్పుకున్నాడు. ఓడిన జట్టు కోచ్ కూడా ఆ ఫిర్యాదుతో ఏకీభవించలేదు. రెండో వరుస పిల్లలకు తాము ఏడాదంతా నేర్చుకున్న ఆట ఆడే అవకాశం వచ్చినప్పుడు, కావాలని చెడగొట్టమని వాళ్ళకు చెప్పడం కూడా బోధన కాదు. స్కోరు ఒక్కటే చూస్తే బుకానన్ క్రూరుడు. మైదానంలో జరిగింది చూస్తే అలా అనలేం. ఓడిన కోచ్‌కు ఇవ్వాల్సిన ఈ న్యాయమే గెలిచిన కోచ్‌కూ ఇవ్వాలి.

నన్ను వదలని సందేహాలు

నా మిత్రుడు ఇవన్నీ విని ఒక మాట అన్నాడు. "అన్నా, నువ్వు చెప్పేవన్నీ మంచివే. కానీ మావాడికి ఇది ఆఖరి సీజన్. మూడు గెలిచి ఏడు ఓడిన సీజన్‌ను వాడు జీవితాంతం గుర్తుపెట్టుకుంటాడు. ప్రతి శనివారం వాడు గదిలోంచి బయటికి రాకపోవడం నువ్వు చూడలేదు." దీనికి నా దగ్గర చప్పున చెప్పే సమాధానం లేకపోయింది. గెలుపు పిల్లలకు ముఖ్యం కాదన్నట్టు మాట్లాడే పెద్దలతో నాకు మొదటి నుంచీ ఏకీభావం లేదు. ఆగస్టు ఎండలో పొద్దున్నే లేచి పరుగెత్తే పిల్లవాడు గెలవడానికే పరుగెత్తుతాడు. ఓడిపోవడం అలవాటయిన జట్టులో పిల్లలు నిదానంగా నమ్మకం పోగొట్టుకుంటారు, తరువాతి ఏడు కొందరు చేరనే చేరరు. కాలేజీ కోచ్‌లు గెలిచే స్కూళ్ళ వైపే ముందు చూస్తారన్నదీ నిజమే.

దానికన్నా నన్ను ఎక్కువ కలవరపెట్టే సందేహం ఇంకొకటి. పట్టికను పక్కన పెట్టి బోధన చూడమంటే, పని చేతకాని కోచ్ కూడా నేను పిల్లలను తీర్చిదిద్దుతున్నానంటూ ఏళ్ళ తరబడి కుర్చీలో కూర్చోవచ్చు. గెలుపోటములకు ఒక గుణం ఉంది, వాటిని ఎవరూ దాచలేరు, మార్చలేరు. శీలం, క్రమశిక్షణ, కుటుంబ భావన లాంటి మాటలు ప్రతి హెడ్ కోచ్ నోటా వస్తాయి, వాటిని సరిచూసే మార్గం లేదు. కాబట్టి పట్టికను వదిలేయమని నేను అనలేను. ఒకే స్థాయి జట్లతో ఆడిన ఆటల్లో రెండో సగంలో ఎలా ఆడుతున్నారు, అనవసరపు పెనాల్టీలు అక్టోబరుకల్లా తగ్గుతున్నాయా పెరుగుతున్నాయా అన్నవి ఆ పట్టిక వెనకాలే దొరుకుతాయి, అవి కోచ్ పనికి చాలా దగ్గరి కొలతలు. మా జట్టు పెనాల్టీల విషయంలో ఈ సీజన్ బాగా లేదని, అది కోచ్‌ను నిలదీయదగిన విషయమేనని నేను ఒప్పుకుంటాను. లేఖలో ఆ మాట ఉండి ఉంటే నాకు సంతకం నిరాకరించడం కష్టమయ్యేది.

అయినా కోచ్‌ను మార్చడానికి ఒక ఖరీదు ఉంది, దాన్ని ఆఖరి ఏడాది పిల్లల తండ్రులు భరించరు, చిన్న పిల్లలు భరిస్తారు. కొత్త హెడ్ కోచ్ తన అసిస్టెంట్లను వెంట తెచ్చుకుంటాడు. జాగ్రఫీ మాస్టారు వేరే ఊరికి వెళ్ళిపోతాడు. ఏడో తరగతి నుంచి నేర్చుకున్న సైగలన్నీ మారతాయి. మా వీధి చివరి ఇంటి అమ్మాయి వాళ్ళ తమ్ముడు ఇంకో స్కూల్లో నాలుగేళ్ళలో ముగ్గురు హెడ్ కోచ్‌ల కింద ఆడాడు. మూడు ప్లేబుక్‌లు బట్టీ పట్టాడు. మూడోసారి తనకు ఆడటం కన్నా గుర్తుపెట్టుకోవడమే ఎక్కువ పని అయిందని వాడు మా అబ్బాయితో చెప్పాడట. ఆ మార్పుల్లో ప్రతిదాని వెనకా ఇలాంటి లేఖే ఉంది.

బోర్డును నేను అడిగేది

స్కూల్ బోర్డు ఈ లేఖను జనవరిలో చర్చకు తీసుకుంటుంది, మాట్లాడదలచినవారికి మూడేసి నిమిషాలు ఇస్తారు. కోచ్‌ను ఉంచమనో తీసేయమనో చెప్పడానికి నేను వెళ్ళడం లేదు, ఆ తీర్పుకు కావలసిన సమాచారం నా దగ్గర లేదు, సంతకాలు పెట్టినవారి దగ్గరా లేదు. నేను అడగబోయేది రెండు లెక్కలు. తొమ్మిదో తరగతిలో జట్టులో చేరిన పిల్లల్లో పన్నెండో తరగతి దాకా నిలిచినవారు ఎందరు, మానేసినవారు ఎందుకు మానేశారు అన్నది మొదటిది. బెంచీ మీద కూర్చునే పిల్లవాడు నాలుగేళ్ళూ వస్తున్నాడంటే, తనకు ఏదో నేర్పుతున్నారని వాడు నమ్ముతున్నాడన్న మాట. ఆ నమ్మకాన్ని తల్లిదండ్రుల పొగడ్తలూ జట్టుకు చందాలు కూర్చే బూస్టర్ క్లబ్ విందులూ తయారుచేయలేవు. అసిస్టెంట్ కోచ్‌లు సగటున ఎన్నేళ్ళు ఉంటున్నారు, వెళ్ళినవాళ్ళు పై ఉద్యోగానికి వెళ్ళారా, విసిగి వెళ్ళారా అన్నది రెండోది.

ఇల్లు మారినవారిని, స్కూలు సరిహద్దు మార్చడం వల్ల వెళ్ళినవారిని తీసేసి లెక్కించాలని కూడా అడుగుతాను, లేకపోతే ఈ లెక్క కూడా ఆ పట్టికలాగే తప్పుదారి పట్టిస్తుంది. మా మిత్రుడు ఈ రెండు ప్రశ్నలకూ అభ్యంతరం చెప్పలేదు, పెనాల్టీల లెక్క మూడోదిగా చేర్చమన్నాడు, చేర్చాను. ఎందరు నిలిచారన్న మొదటి లెక్క కోసం స్కూల్ డిస్ట్రిక్ట్ కొత్తగా చేయాల్సింది కూడా ఏమీ లేదు. ఏటా ఆగస్టుకు ముందు ప్రతి ఆటగాడి తరఫునా మనం నింపి ఇచ్చే వైద్య చరిత్ర పత్రాలు అథ్లెటిక్ ఆఫీసులోనే ఉంటాయి, నాలుగేళ్ళ పేర్లను పక్కపక్కన పెట్టి చూడటానికి ఒక గుమాస్తాకు ఒక మధ్యాహ్నం చాలు.